గాయకుడు కావలెను, గొంతు మాత్రం పాతదే ఉండవలెను

అర్ధ శతాబ్దపు చరిత్ర ఉన్న మరో రాక్ బృందం కొత్త గాయకుడితో కొత్త ఆల్బమ్ రికార్డు చేస్తోంది. ఏ బృందమని అడగకండి. ఈ వాక్యాన్ని ఏ ఏడాది రాసినా, ఏ నెలలో చదివినా నిజమే అవుతుంది. ప్రకటన కూడా ఎప్పుడూ ఒకటే. స్టూడియోలో తొలినాళ్ల ఉత్సాహం తిరిగొచ్చిందని గిటారిస్టు అంటాడు. ఈ పాటలు వింటూనే పెరిగానని కొత్త గాయకుడు అంటాడు. పాత గాయకుడు ఏమీ అనడు. బతికి ఉంటే ఆయన న్యాయవాది అంటాడు.

ఇంత సజావుగా సాగే వ్యవహారంలో గొడవ చేసేది అభిమానులొక్కరే. ఆ గొంతు లేకుండా ఆ బృందమేమిటని గుండెలు బాదుకుంటారు. పాతికేళ్లుగా బృందంలో డ్రమ్మర్లు మారారు, బేస్ గిటారిస్టులు మారారు, కీబోర్డు వాయించేవారైతే వానాకాలపు మేఘాల్లా వచ్చి పోయారు. అప్పుడు ఒక్కరి కంటా నీరు రాలేదు. గాయకుడు మారగానే మాత్రం ప్రళయం వచ్చినట్టు మాట్లాడతారు. ఈ అజ్ఞానాన్ని తొలగించడం బాధ్యతాయుతమైన వ్యాసకర్త కర్తవ్యమని భావించి కలం పట్టాను.

బృందమంటే గొంతు అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. బృందమంటే పేరు. పేరంటే ట్రేడ్‌మార్క్. ట్రేడ్‌మార్క్ అంటే, సాధారణంగా, గిటారిస్టు. ఈ మూడు మెట్లు ఎక్కినవారికి రాక్ చరిత్రలో అర్థం కానిదంటూ ఉండదు.

ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన దార్శనికుడు క్లిఫర్డ్ డేవిస్. 1974లో ఆయన ఫ్లీట్‌వుడ్ మాక్ బృందానికి మేనేజరు. ఆ పేరు మీద హక్కు తనదేనని ఆయన నమ్మకం. బృంద సభ్యులు పర్యటనకు సిద్ధంగా లేకపోవడంతో, వారిలో ఒక్కరూ లేని మరో బృందాన్ని అదే పేరుతో అమెరికా పంపాడు. టిక్కెట్టు కొన్న జనం వేదిక మీద తమకు తెలిసిన ముఖం ఒక్కటైనా కనిపిస్తుందేమోనని వెతికారు. గొడవ జరిగింది, కోర్టుకెక్కారు, అసలు బృందం చాలాకాలం పని లేకుండా కూర్చోవలసి వచ్చింది. ఆ రోజుల్లో దీన్ని మోసమన్నారు. పాపం, ఆయన కాలం కంటే ముందు పుట్టాడు. ఇవాళైతే అదే పనిని వారసత్వాన్ని ముందుకు తీసుకెళ్లడం అంటారు.

ఆరేళ్ల తర్వాత రాడ్ ఎవాన్స్ వంతు వచ్చింది. డీప్ పర్పుల్ తొలి మూడు ఆల్బమ్‌లలో పాడింది ఆయనే. ఆ బృందం 1976లో విడిపోయింది. 1980లో ఎవాన్స్ మరికొందరు వాద్యకారులను కూడగట్టుకుని అదే పేరుతో వేదిక ఎక్కాడు. అసలు బృందం యాజమాన్యం దావా వేసింది. తీర్పులో నష్టపరిహారం 6,72,000 డాలర్లు. గమనించండి: అసలు గాయకుడు ఒక్కడుండి మిగతావారంతా కొత్తవారైతే అది నకిలీ. అసలు గిటారిస్టు ఒక్కడుండి గాయకుడితో సహా అంతా కొత్తవారైతే అది వారసత్వం. సంగీత విమర్శకులు వేల పేజీలు రాసినా తేల్చలేని తేడాను కోర్టు అంకెల్లో తేల్చింది.

దీనికొక మినహాయింపు ఉంది, దాచను. గన్స్ ఎన్ రోజెస్‌లో పేరు హక్కుల కాగితం గాయకుడు యాక్సల్ రోజ్ చేతిలో ఉంది. కనుక అక్కడ గిటారిస్టులు వెళ్లిపోయారు, పేరు నిలబడింది. 1991 తర్వాత సొంత పాటలతో ఆల్బమ్ రావడానికి 2008 దాకా పట్టింది. వచ్చేసరికి పాత బృందంలో గాయకుడూ కీబోర్డు వాయించే ఒకాయనా తప్ప ఎవరూ మిగల్లేదు. కాబట్టి నా సిద్ధాంతాన్ని కొద్దిగా సవరిస్తున్నాను: కాగితం ఎవరి దగ్గర ఉంటే ఆత్మ వారి దగ్గర ఉంటుంది.

కాగితం ఒక్కోసారి మనిషి మీద స్వారీ కూడా చేస్తుంది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 1986లో సొంత పేరుతో ఆల్బమ్ వేసుకుందామనుకున్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి అట్ట మీద బృందం పేరు వేసి, అందులో టోనీ అయోమీ కూడా ఉన్నట్టు రాశారు. తన బృందంలో తానే అతిథి కళాకారుడు కాగలిగిన ఘనత రాక్ చరిత్రలో ఇంకెవరికి దక్కిందో నాకు తెలియదు.

ఇక 1980 గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గాయకులను మార్చడం ఒక పరిశ్రమ అనుకుంటే దాని పారిశ్రామిక విప్లవం ఆ ఏడాదే జరిగింది. బ్లాక్ సబ్బాత్ అంతకుముందు ఏడాది ఓజీ ఓస్బోర్న్‌ను బయటకు పంపి, రోనీ జేమ్స్ డియోను తెచ్చుకుంది; 1980 ఏప్రిల్‌లో వారి 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. ఏసీడీసీ గాయకుడు బాన్ స్కాట్ ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయాడు. ఏప్రిల్‌లో బృందం బహమాస్‌లో కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో రికార్డింగులో ఉంది. జూలై నెలాఖరుకు 'బ్యాక్ ఇన్ బ్లాక్' బజారులో ఉంది. సంతాప సూచకంగా అట్ట మొత్తం నల్లగా వేశారు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి అయ్యింది. చావు నుంచి అమ్మకానికి అయిదు నెలలు.

ఈ జాన్సన్ ఎంపిక వెనుక ఒక కథ ప్రచారంలో ఉంది. అంతకు చాలా ఏళ్ల ముందు జాన్సన్ వేరే బృందంలో పాడుతుండగా బాన్ స్కాట్ చూశాడట. ఆ గాయకుడు నేల మీద పడి దొర్లుతూ, గొంతు చించుకుని అరుస్తున్నాడట. ఎంత గొప్ప ప్రదర్శనో అని స్కాట్ మురిసిపోయి తన మిత్రులకు చెప్పాడట. నిజానికి ఆ రాత్రి జాన్సన్‌కు అపెండిసైటిస్. రాక్ సంగీతంలో ప్రతిభను గుర్తించే పద్ధతులు ఇంత లోతైనవి కనుకే మనం బయటినుంచి వ్యాఖ్యానించకూడదు.

ఆ రెండు ఆల్బమ్‌లు ఎందుకు నిలబడ్డాయన్నది ఇబ్బందికరమైన ప్రశ్న. నేను సమర్థిస్తున్న పక్షానికి అది అంత అనుకూలం కాదు కనుక త్వరగా చెప్పి దాటేస్తాను. డియోను ఓజీలా పాడమని ఎవరూ అడగలేదు. పాటల మాటలు ఆయనే రాసుకున్నాడు, బాణీలు ఆయన గొంతుకు తగ్గట్టు పుట్టాయి. 1985లో డేవిడ్ లీ రాత్ వెళ్లిపోయాక వాన్ హేలెన్‌లోకి వచ్చిన శామీ హేగర్ కూడా అంతే. వచ్చీ రాగానే బృందానికి అమెరికాలో మొట్టమొదటి నంబర్ వన్ ఆల్బమ్ దక్కింది. ఆ పర్యటనలో రాత్ కాలపు పాటలను చాలా వరకు పక్కన పెట్టేశారు. అంటే కొత్త మనిషిని కొత్త మనిషిగానే పని చేయనిస్తే పని జరిగే ప్రమాదం ఉంది. ఇటువంటి ఉదాహరణలు యువతను తప్పుదారి పట్టిస్తాయి కనుక వీటిని మినహాయింపులుగానే చూడాలి.

అదే బ్లాక్ సబ్బాత్ 1983లో డీప్ పర్పుల్ మాజీ గాయకుడు ఇయన్ గిలన్‌ను తెచ్చుకున్నప్పుడు, పాత పాటలు కూడా ఆయన మీద పడ్డాయి. అవి ఆయనకు గుర్తుండేవి కావు. మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకుని వేదిక అంచున పెట్టుకున్నాడు. పాట మొదలవగానే వేదిక మీద పొగ వదిలేవారు. పుస్తకం పొగలో మునిగేది. అప్పుడు గిలన్ మోకాళ్ల మీద వంగి, చేత్తో పొగను తోసుకుంటూ, తర్వాతి చరణం ఎక్కడుందో వెతుక్కునేవాడని అయోమీ చెప్పుకొచ్చాడు. ముందు వరుసలోని ప్రేక్షకులకు అదంతా ఏదో తాంత్రిక కర్మలా కనిపించి ఉంటుంది. వేరొకరి పాటలను వారసత్వంగా పొందిన గాయకుడి స్థితిని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ వేదిక మీద చూపలేదు.

ఈ ఇబ్బందికి పరిశ్రమ శాస్త్రీయమైన పరిష్కారం కనిపెట్టింది. పాత పాటలు గుర్తులేనివాణ్ని తెచ్చుకోవడమెందుకు? అవి తప్ప మరేమీ గుర్తులేనివాణ్నే తెచ్చుకుంటే సరి! ట్రిబ్యూట్ బ్యాండ్‌లు ఉన్నదే అందుకు. ఒకే బృందం పాటలను అచ్చు గుద్దినట్టు పాడుతూ వారాంతాల్లో ఊళ్లు తిరిగే బృందాలవి. 1996లో జూడస్ ప్రీస్ట్ బృందం, తమ పాటలే పాడే అమెరికా ట్రిబ్యూట్ బ్యాండ్ నుంచి టిమ్ ఓవెన్స్‌ను తీసుకుంది. ఆయన రెండు ఆల్బమ్‌లు పాడాడు, పాత గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ 2003లో తిరిగొచ్చాడు, ఓవెన్స్ వెళ్లిపోయాడు. 2007లో జర్నీ బృందం గిటారిస్టు నీల్ షాన్ యూట్యూబ్‌లో వెతుకుతూ, మనీలాలో పాడుతున్న ఆర్నెల్ పినేదాను కనుగొన్నాడు. జర్నీ పాత గాయకుడు స్టీవ్ పెర్రీ గొంతు ఆయన గొంతులో వినిపించింది. మరుసటి ఏడాది ఆల్బమ్ వచ్చింది. అందులో కొత్త పాటలతోపాటు ఒక డిస్కు నిండా పాత విజయగీతాలను కొత్త గాయకుడితో మళ్లీ పాడించారు. ఇదేదో భావోద్వేగ వ్యవహారం అనుకునేరు. పాత రికార్డింగుల మీద హక్కులు చాలా సందర్భాల్లో కంపెనీల దగ్గర ఉంటాయి. మళ్లీ పాడిస్తే ఆ రికార్డింగు బృందానిది. ప్రకటనలకూ సినిమాలకూ ఇచ్చుకుని సొమ్ము చేసుకోవచ్చు. అందుకే అటువంటి చోట కొత్త గాయకుడికి ఉండవలసిన మొదటి అర్హత, తాను కొత్తవాడినని ఎవరికీ అనుమానం రానివ్వకపోవడం.

పినేదా మంచి గాయకుడు, అందులో సందేహం లేదు. ఆ ఎత్తయిన స్థాయుల్లో రాత్రి తర్వాత రాత్రి పాడటం మామూలు విషయం కాదు. గిటారు తీగ తెగితే పది నిమిషాల్లో కొత్త తీగ బిగించవచ్చు. స్వరతంత్రులు వయసుతో పలచబడి బిగుసుకుపోతే బిగించేవారు లేరు. అందుకే చాలా పాత బృందాలు వేదిక మీద శ్రుతిని అర మెట్టో, మెట్టో దించి వాయిస్తాయి. డెబ్బై ఏళ్ల గాయకుడు ఇరవై ఏడేళ్లప్పుడు పాడిన స్వరాన్ని అందుకోవాలంటే అది తప్పదు. కుర్ర గాయకుణ్ని తెచ్చుకుంటే శ్రుతి దించనక్కర్లేదు. వయసు పెరగడమనే నేరం ఒక్క గాయకుడి విషయంలోనే శిక్షార్హమన్నమాట.

ఈ శాస్త్రంలో పరాకాష్ఠకు చేరినవారు మాత్రం యెస్ బృందం వారే. వారి ముందు మిగతావారు వట్టి విద్యార్థులు. కాస్త నెమ్మదిగా చెబుతాను, అనుసరించండి. 1980లో గాయకుడు జాన్ ఆండర్సన్ వెళ్లిపోయాడు. పక్క స్టూడియో గదిలో పని చేసుకుంటున్న బగుల్స్ అనే ఇద్దరు సభ్యుల పాప్ జంటను బృందంలోకి లాగేశారు. వారిలో ట్రెవర్ హార్న్ గాయకుడయ్యాడు. ఆల్బమ్ వచ్చింది, బాగానే ఉంది. ఆ తర్వాత పర్యటనలో ఆండర్సన్ స్థాయిలో పాడలేక హార్న్ గొంతు నానా అవస్థలు పడింది. బృందం విడిపోయింది. 1983లో బృందం మళ్లీ కూడింది, ఆండర్సన్ తిరిగొచ్చాడు. ఆ ఆల్బమ్‌కు నిర్మాత ఎవరు? ట్రెవర్ హార్న్. ఎవరి స్థానంలో తాను పాడలేకపోయాడో ఆయన గొంతునే అద్దాల గది వెనుక కూర్చుని రికార్డు చేశాడు. అమెరికాలో బృందానికి వచ్చిన ఏకైక నంబర్ వన్ పాట అందులోదే.

కథ అయిపోలేదు. 2008లో ఆండర్సన్‌కు ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆసుపత్రి పాలయ్యాడు. బృందం ఆయన కోలుకునేదాకా ఆగలేదు. బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వయర్ యూట్యూబ్‌లో యెస్ ట్రిబ్యూట్ బ్యాండ్ ఒకదాన్ని చూసి, అందులోని కెనడా గాయకుడు బెన్వా డేవిడ్‌ను తెచ్చుకున్నాడు. 2011లో ఆయనతో ఆల్బమ్. నిర్మాత మళ్లీ ట్రెవర్ హార్న్. అందులోని ప్రధాన రచన ఎప్పటిది? 1980లో హార్న్ బృందంలో ఉన్నప్పటిది. ఆల్బమ్ వచ్చిన కొన్నాళ్లకే డేవిడ్‌కూ శ్వాసకోశ సమస్య వచ్చింది. ఆయన స్థానంలో మరో గాయకుడు వచ్చాడు, ఆయనా ఒక ట్రిబ్యూట్ బ్యాండ్ నుంచే. ఆ పదవిలో ఊపిరికి బీమా తప్పనిసరి చేయాలని నా సూచన.

ఇక అసలు ఘట్టం 2018లో. అదే 2011 ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేశారు. ఈసారి అందులో బెన్వా డేవిడ్ గొంతు తీసేసి, ఆ పాటలను ట్రెవర్ హార్న్ తానే పాడాడు. మామూలు బృందాలు కొత్త ఆల్బమ్‌కు గాయకుణ్ని మారుస్తాయి. వీరు ఏడేళ్ల క్రితం విడుదలై, జనం కొనుక్కుని, అరల్లో పెట్టుకున్న ఆల్బమ్‌కు గాయకుణ్ని మార్చారు. మూడు దశాబ్దాలకు పైగా ఓపిక పట్టి, ఒక ప్రత్యామ్నాయ గాయకుడు మరో ప్రత్యామ్నాయ గాయకుడికి ప్రత్యామ్నాయం అయ్యాడు. దీన్ని చూశాక ఏ బృందమైనా కొత్త ఆవిష్కరణ చేశామని చెప్పుకుంటే నవ్వొస్తుంది.

ఒకే పేరుతో ఒకేసారి రెండు బృందాలుంటే మంచిదని వాదించేవారూ ఉన్నారు. క్వీన్స్‌రైక్ ఈ ప్రయోగం కూడా చేసింది. 2012లో గాయకుడు జెఫ్ టేట్‌ను తొలగించారు. ఆయన కోర్టుకు వెళ్లాడు. తేలేదాకా ఇద్దరూ పేరు వాడుకోవచ్చన్నారు. ఫలితంగా 2013లో క్వీన్స్‌రైక్ పేరుతో రెండు బృందాలు చెరొక ఆల్బమ్ విడుదల చేశాయి. వినియోగదారుడికి ఎంపిక స్వేచ్ఛ అంటే ఇదే కదా? దుకాణంలో ఏది అసలుదో అడగవలసిన పని కూడా లేకపోయింది, అప్పటికి రెండూ చట్టబద్ధమే.

క్వీన్ బృందం మాత్రం ఈ రంగంలో కొంత నిజాయతీ చూపి చెడ్డ సంప్రదాయం నెలకొల్పింది. 2008లో పాల్ రాడ్జర్స్‌తో చేసిన ఆల్బమ్ మీద బృందం పేరు, పక్కన కూడిక గుర్తు, ఆ పక్కన ఆయన పేరు వేశారు. అంటే చనిపోయిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ స్థానం నిండలేదని, పక్కన ఒక కుర్చీ వేశామని లెక్క చూపించారు. ఆ తర్వాత ఆడమ్ లాంబర్ట్‌తో ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరిగారు గానీ, కొత్త పాటలతో స్టూడియో ఆల్బమ్ మాత్రం చేయలేదు. జనం వచ్చేది పాత పాటలకని తెలిసి, కొత్తవి చేయకుండా ఊరుకోవడం వృత్తి ధర్మానికే మచ్చ. కొత్త ఆల్బమ్ లేకపోతే పర్యటనకు పేరేమి పెడతారు? చొక్కాల మీద ఏ బొమ్మ అచ్చు వేస్తారు?

అసలు కొత్త ఆల్బమ్ అవసరమే అది. వేదిక దగ్గరికి వెళ్లి చూడండి. ఇప్పుడు మా కొత్త ఆల్బమ్ నుంచి ఒక పాట అని గాయకుడు అనగానే వేలమంది ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేస్తారు. అది గౌరవం అనుకుని కొత్త గాయకుడి కళ్లు చెమ్మగిల్లుతాయి. వాళ్లు మూత్రశాలల వైపు నడుస్తున్నారని వెనుక ఉన్న డ్రమ్మర్‌కు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాడు. కొత్త పాట అయిదు నిమిషాలకు మించకూడదన్న నియమం అందుకే పుట్టింది, లేకపోతే ద్వారాల దగ్గర తొక్కిసలాట జరుగుతుంది. లోకమంతా కొత్తొక వింత, పాతొక రోత అంటుంటే, ఈ ఒక్క రంగంలో సామెత తలకిందులుగా నిలబడి నలభై ఏళ్లుగా కచేరీ చేస్తోంది.

ఇప్పుడు స్టూడియోలో అడుగుపెడుతున్న ఆ కొత్త గాయకుడికి కొన్ని హితవులు. అచ్చం పాత గాయకుడిలాగే పాడండి. పాడితే అనుకరణ అంటారు. మీలాగే పాడండి, పాడితే ద్రోహం అంటారు. ఆల్బమ్ బాగా ఆడితే అది పాటల గొప్పతనం, ఆడకపోతే మీ గొంతు దోషం. 1997లో జెనెసిస్ ఒక కొత్త గాయకుడితో ఆల్బమ్ చేసింది. అమెరికాలో టిక్కెట్లు అమ్ముడుపోక పర్యటన రద్దయింది. ఆయన్ను మళ్లీ పిలవలేదు. అదే జెనెసిస్‌లో 1975లో పీటర్ గాబ్రియెల్ వెళ్లిపోయినప్పుడు ఎందరినో పరీక్షించి, చివరికి వెనుక డ్రమ్ములు వాయిస్తున్న ఫిల్ కాలిన్స్‌ను ముందుకు జరిపారు. ఆ తర్వాతే బృందం లోకమంతా మోగింది. కనుక వీలైతే డ్రమ్ములు కూడా నేర్చుకుని వెళ్లండి.

ఒప్పందంలో మీ పేరు అట్ట మీద ఎంత పరిమాణంలో ఉంటుందో అడగవద్దు, అది అహంకారం కిందికి వస్తుంది. పాత గాయకుడు తిరిగొస్తానంటే ఎన్ని రోజుల ముందు మీకు చెబుతారో మాత్రం తప్పక రాయించుకోండి. పాత పాటల మాటలన్నీ కంఠతా పట్టండి, పొగలో పుస్తకం కనిపించదు. విలేకరులు ఆయన గురించి అడిగితే ఆరాధిస్తానని చెప్పండి. గిటారిస్టు పక్కనుంటే కాస్త తక్కువగా ఆరాధించండి. మైకు స్టాండు ఎత్తు మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఒకసారి గిటారిస్టును అడిగి.